భువన సంతకం సరిపోలలేదన్న నోటీసు గురించి

పుంగ్గోల్, సింగపూర్

లార్క్‌వుడ్ కౌంటీ ఎన్నికల అధికారి గారికి,

అయ్యా,

విషయం: నా భార్య కీ.శే. భువన వేసిన ప్రైమరీ ఓటును లెక్కలో చేర్చుట గురించి.

ఇంగ్లీషు ప్రతి జతచేశాను. అసలు అర్జీ ఇదే. మనవి ఏమనగా:

1. మేమిద్దరం అమెరికా పౌరులం, తమ కౌంటీ ఓటర్లం. నా బ్యాంకు ఉద్యోగరీత్యా ఇక్కడ ఉంటున్నాం. పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చే ప్రైమరీకి భువన ఆసుపత్రి మంచం మీది నుంచే ఓటు వేసి పంపింది. పోలింగు నాటికి బతికే ఉంది.

2. ఆమె ఓటు నా అభ్యర్థికి కాదు, అతని మీద పోటీ చేసిన టీచరమ్మకు. అభ్యర్థులను ప్రజలే ఎంచుకుంటారని తమరంటారు; విరాళాలిచ్చేవాళ్లు వడపోయగా మిగిలినవాళ్లనే మా ముందు పెడతారని నేనంటాను. ఆ వడపోతను ఎదిరించినవాడికే నేను వేశాను.

"మీవాడు మైకు మింగినవాడండీ. మా టీచరమ్మ పని చేసి చూపించింది," అంది భువన.

"ఆవిడ వెనకాల బ్యాంకులున్నాయి!"

"మీకు జీతమిచ్చేది ఎవరండీ, బ్యాంకు కాదూ?"

నర్సు వచ్చి కసిరేదాకా పోట్లాడుకున్నాం.

3. ఓటరు నమోదులో ఆమె సంతకం తెలుగులో ఉంది. కవరు మీద మాత్రం ఇంగ్లీషులో పెట్టింది. "పాపం, ఆ లెక్కపెట్టేవాళ్లకి చదవడం రావాలిగా," అంది. తమ సౌకర్యం కోసం పెట్టిన సంతకాన్నే సరిపోలలేదని తమరు పక్కన పెట్టారు.

4. ఓటరు స్వయంగా ధ్రువీకరించాలని ఆమె ఫోనుకు నోటీసు వచ్చేసరికి మేము దహనం చేసి ఇంటికొచ్చాం. భర్త సాక్ష్యం చెల్లదట! ఆనాటి నుంచి ఫోను మోగుతూనే ఉంది: 'భువనా, మీ జవాబు ఇంకా అందలేదు.' మా అమ్మాయి నిఖిల, "ఆఫ్ చెయ్ నాన్నా, ప్లీజ్ లా," అని ఈ ఊరి యాసలో బతిమాలుతూ ఏడుస్తోంది. చెయ్యలేకున్నాను. అది మోగినప్పుడల్లా లోపలి గదిలోంచి ఆమె పలుకుతుందేమోనని చెవి పెట్టి కూర్చుంటున్నాను.

5. చనిపోయినవాళ్లు ఓట్లేస్తున్నారని కేకలు వేసే మన దేశంలో, బతికుండగా వేసిన ఓటును చంపే హక్కు తమకెవరిచ్చారు? టీచరమ్మ ఎలాగూ ఓడిపోతోంది. నాకు కావలసిందీ అదే. కానీ ఆ ఓడినవాళ్ల లెక్కలో భువన ఉండి తీరాలి.

కాబట్టి ఫలితం ఖరారు చేయకముందే ఆమె ఓటును లెక్కించి, తదుపరి ఓటర్ల జాబితా నుంచి ఆమె పేరు తొలగించవలసిందిగా కోరుతున్నాను. దయతో కాదు, న్యాయంతో చిత్తగించవలెను.

ఈ ఒక్క కాగితం మేరకు
తమ విధేయుడు,
చక్రధర్

తా.క. పేరు తొలగించే ముందు ఆ నోటీసు ఇంకొక్కసారి పంపండి. ఫోను చార్జింగులోనే ఉంచాను.