మోకాళ్ళ మీద ఉన్నవాళ్ళు

అమ్మకు,

పాపని అక్క చేతికిచ్చి, కూర్చుని చదువు. మన ఊరి చైర్మన్ పదవికి పోటీ చేస్తున్నాను, కిరుండా బాబాయి మీద. ఇంకొకరి నోట వింటే నీ కోపం రెట్టింపవుతుందని నేనే రాస్తున్నాను.

"కంపాలాలో చదివిన పిల్లవి, ఉద్యోగం చూసుకోక ఆ బురదలో నీకేం పని?" అంటావు. ఉద్యోగాల కోసం తిరిగీ తిరిగీ చెప్పులరిగి వచ్చానని ఊరంతా అనుకుంటోంది. అదీ నిజమే. కానీ అసలు కారణం వేరు. నాన్న చనిపోయిన నెలలోనే, మన కాఫీ తోట గురించి అడగడానికి నువ్వు బాబాయి ముందు మోకరిల్లావు. ఆయన చిలగడదుంప ఒలుచుకుని తింటూనే ఉన్నాడు. నిన్ను లేవమనలేదు. తినడం అయ్యాక చెయ్యి కడుక్కుని, "ఆడపిల్లలకి తోటెందుకు వదినా? రేపు మొగుడింటికి మోసుకుపోతారా?" అని నవ్వాడు. ఊరి చైర్మన్ ఆయనే, సాక్షి సంతకం ఆయనదే, తోట రాసుకున్నది ఆయన కొడుకు పేరు మీద. ఆ వారమే నువ్వు జింజాలో అక్క దగ్గరికి బస్సెక్కావు. తలుపు వెనక నుంచి అంతా చూశానని నీకింతవరకూ చెప్పలేదు.

ఇంకొకటి. ప్రతి గుమ్మానికీ వెళ్ళి ఓటడుగుతాను. ఆడవాళ్ళ ఆచారమని ఎవరి ముందూ మోకరిల్లను. మగ అభ్యర్థులు మోకరిల్లడం లేదుగా?

నీ నమ్వాసే

*

అమ్మా,

"మోకాళ్ళు వంచితే ఎముకలు విరగవు" అని రాశావు. విరగవు. అలవాటవుతాయి, అదే నా బాధ.

ప్రచారం ఎలా సాగుతోందో విను. కొట్టు నడిపే నైగాగా నన్ను చూడగానే, "వచ్చిందమ్మా నిటారు రాణి! మోకాళ్ళలో మేకులు దిగ్గొట్టారా ఏం?" అంది. చుట్టూ ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. "మేకులు కాదు పిన్నీ, చదువు దిగ్గొట్టారు, వంగడం లేదు" అన్నాను. ఇంకా నవ్వారు. చివరికి వేరుశనగ ముద్ద చేతిలో పెట్టింది గానీ, "నీకు ఓటేస్తే నా మొగుడు నన్ను గుమ్మం తొక్కనివ్వడే" అంది.

బాబాయి వెనక అధికార పార్టీ ఉంది. ఇంటింటికీ చక్కెర, సబ్బు పంచుతున్నారు. నిన్న ప్రతిపక్ష పార్టీ నుంచి మగుంబా అనే ఆయన ఇగాంగా నుంచి బోడా అద్దె బైకు మీద దిగాడు. "మా రంగు చొక్కా తొడుక్కో చెల్లెమ్మా, పోస్టర్ మీద బ్రహ్మాండంగా ఉంటావు" అన్నాడు. మీ పార్టీలో ఆడవాళ్ళకి భూమి హక్కు సంగతేమిటని అడిగితే, "ముందు గెలుద్దాం, అవన్నీ తర్వాత" అన్నాడు. బాబాయి చక్కెరకీ ఈయన చొక్కాకీ తేడా కనబడలేదు. వట్టి చేతులతోనే నిలబడుతున్నాను.

నీ ఉత్తరంలో చివరి మాట మాత్రం నన్ను నిద్రపోనివ్వడం లేదు. నీ ఓటు ఇంకా మన ఊళ్ళోనే ఉంది కనక వస్తానన్నావు. చీటీ కాదు, పెట్టె కాదు, ఎవరికి ఓటేస్తే వాళ్ళ వెనక వరసలో నిలబడాలి, ఊరంతా చూస్తుంది, అందుకని బాబాయి వరసలోనే నిలబడతానన్నావు. "ఆయనకి ఎదురు నిలిస్తే రేపు తోటలో మీ నాన్న పక్కన నన్ను పూడ్చనిస్తాడా?" అన్నావు.

అభ్యర్థులు వరసకి వీపు పెట్టి నిలబడాలట. నువ్వు ఎటు వెళ్ళావో నాకు కనబడదు. అదొక్కటే దయ.

నమ్వాసే

*

అమ్మా,

ఓట్లయ్యాక ఒక్క మాటైనా మాట్లాడకుండా బస్సెక్కేశావు. అందుకని నువ్వు చూసిందే మళ్ళీ నీకు రాస్తున్నాను, నేనున్న వైపు నుంచి.

బడి దగ్గర పనస చెట్టు కింద నా వరస లెక్క ముందు అయిపోయింది. లెక్కయినవాళ్ళు కింద కూర్చోవాలి, రెండుసార్లు లెక్క పడకుండా. ఇక తిరగొచ్చని ఎన్నికల అధికారి అన్నాక తిరిగాను. ముందుగా కనబడింది నువ్వే, బాబాయి వరసలో. తెలిసిన సంగతే.

అధికారి ఆ వరస మొదలుపెట్టాడో లేదో, ఫోన్ వచ్చి పక్కకి వెళ్ళాడు. బాబాయికి అప్పుడే పెద్దరికం గుర్తొచ్చింది. వెనక్కి తిరిగి, "ఏమ్మా, అంతా కులాసాయేనా?" అన్నాడు. పెద్దవాడు పలకరించాక ఆడవాళ్ళు నిలబడి జవాబిస్తారా? మీరంతా అలవాటుగా మోకాళ్ళ మీదికి దిగారు. తిరిగొచ్చిన అధికారి, కిందున్నవాళ్ళంతా లెక్కయినవాళ్ళే అనుకుని, నిలబడ్డ మగవాళ్ళ దగ్గర మొదలుపెట్టాడు.

నేను గెలిచేదాన్నమ్మా. నోరు మూసుకుంటే చాలు. ఒక్క క్షణం మూసుకున్నాను కూడా. కానీ మోకాళ్ళ మీద ఉన్న నిన్ను మనిషిగా లెక్కపెట్టకుండా ఒకడు నడిచిపోతున్నాడు. ఆ తలుపు వెనక నుంచి చూసింది సరిగ్గా ఇదే.

"ఆగండి! వాళ్ళని లెక్కపెట్టలేదు" అని అరిచాను.

నైగాగా కూడా మోకాళ్ళ మీద నుంచే, "పిచ్చి మొహమా, గెలుస్తున్నావే!" అంది.

అధికారి తెల్లబోయాడు. "నీకు పడని ఓట్లని లెక్కపెట్టమంటున్నావా?"

"అవును. నిలబడ్డాకే లెక్కపెట్టండి."

ఆయన విసుక్కుని, అందరూ లేచి మళ్ళీ వరసలు కట్టాలన్నాడు. మీలో ఒక్కరూ కదల్లేదు. పలకరించిన పెద్దవాడు చెప్పందే లేవకూడదుగా! అప్పుడు బాబాయి, పదవి చేజారుతుందన్న భయంతో, "లేవండమ్మా, లేవండి, మీ కాళ్ళు పట్టుకుంటా లేవండి" అని బతిమాలాడు. ఆ రోజు నిన్ను లేవమనడానికి రాని నోరే!

నువ్వే ముందు లేచావు. గోమెసీ గౌను అంచుకంటిన దుమ్ము దులుపుకున్నావు. తీరిగ్గా, ఊరంతా చూస్తుండగా, నా వరసలోకి నడిచి వచ్చావు. నీ వెనకే నైగాగా, "నా మొగుడి వంట వాడే చేసుకుంటాడులే" అనుకుంటూ. ఇంకా కొందరు.

చాలలేదు. తొమ్మిదిమంది తేడాతో ఓడిపోయాను. బాబాయే చైర్మన్. బస్సు దగ్గర ఆయన ఎదురైతే నువ్వు నిలబడే, "వెళ్ళొస్తాను మరిదీ" అన్నావని నైగాగా తన కొట్టుకి వచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతోంది. చెప్పిన ప్రతిసారీ నిన్ను కాస్త పొడుగు చేస్తోంది.

సోమవారం ఇగాంగా కోర్టులో తోట మీద దావా వేస్తున్నాను. నాన్న పక్కన చోటు ఆయన దయతలచి ఇచ్చేది కాదు. నువ్వు చావడానికి ముందు అందులో కాఫీ కోయాలి. సాక్షివి నువ్వే. పాపని కూడా తీసుకురా, చూస్తుంది. అక్కడ సాక్షులు నిలబడే మాట్లాడతారట.

నీ వరస ముందు నిలబడిన,
నమ్వాసే