పడవకు బొట్టు

ఆదివారం రాత్రి

ఆయన సగంలో వదిలేసి పోయిన చెక్క బొమ్మ పడవ ఇవాళ పూర్తయింది. కిట్‌లో మిగిలిన కొయ్యను నేనే జిగురుతో నిలబెట్టి తెరచాప కట్టాను. ఫ్యాను గాలికి అది ఉబ్బగానే, "చూశావా!" అని వెనక నుంచి ఆయన అంటారేమోనని ఆగాను.

అత్తయ్య కుంకుమ భరిణె తెచ్చారు. కొత్త పడవకు బొట్టు పెట్టకుండా కాలవలో దింపకూడదట. ఆయన పోయిన రోజు నుంచీ నేను కుంకుమ ముట్టలేదు.

"మీరు పెట్టండి అత్తయ్యా," అన్నాను.

"నేను మాత్రం ముత్తయిదువునా ఏంటి? చేసినదానివి, నువ్వే పెట్టమ్మా," అన్నారు.

పెట్టాను.

రేపు కాలవలో దింపాలి. తాడు కట్టాలి, లేకపోతే ఇది కూడా వెళ్లిపోతుంది...

ఉంగరం వేలికి ఆ ఎరుపు ఇంకా ఉంది. కడగబుద్ధి కాక అన్నం చెంచాతో తిన్నాను.