గిన్నె అడుగున గోలీ

అన్నయ్యకి,

నీ బొంగరం రాసుకునేది. ఇక్కడ అందరం కులాసాగా ఉన్నాం, నువ్వూ అలాగే ఉన్నావనుకుంటున్నాను. ఆ "అందరం"లో ఎంతమందిని కలిపావే అని కనుబొమలు ఎగరేస్తావని తెలుసు. ఆ లెక్క తర్వాత. ముందు నువ్వడిగినవాటికి జవాబులు చెప్పాలి. లేకపోతే వచ్చే ఉత్తరంలో "నేనడిగిందొకటి, నువ్వు రాసిందొకటి" అని సాధిస్తావు.

నాన్న మోకాలు నయం. కళ్ళద్దాల దుకాణానికి నడిచే వెళ్తున్నాడు, నడిచే వస్తున్నాడు. పగలంతా ఊరందరి చూపూ సరిచేసి, ఇంటికొచ్చి తన కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని మంచం కింద వెతకడం మాత్రం మానలేదు. నా ఉద్యోగం ఉంది. "ఇంకా ఉందా" అని అడిగావు చూడు, ఆ "ఇంకా" గుచ్చుకుంది. టికెట్ల కిటికీ వెనక కూర్చుని నేను చూడని ఊళ్ళకి రోజంతా మనుషుల్ని పంపిస్తున్నాను. ఎక్కడికీ వెళ్ళకుండానే సాయంత్రానికి కాళ్ళు లాగేస్తుంటాయి.

అమ్మ కుర్చీలో ఎవరూ కూర్చోవడం లేదు. ఆవిడ తను కుట్టాల్సిన కర్టెన్ల గుడ్డలు కూడా దానిమీద పెట్టదు. "ఆవిడ" అనే రాస్తున్నాను, చూశావుగా. నాన్న ఆవిడని పెళ్ళి చేసుకుని తీసుకొచ్చిన సాయంత్రం మెట్లమీద కూర్చుని చేతిలో చెయ్యి వేసుకున్నాం, ఎన్నేళ్ళయినా ఆవిడ ఆవిడే, వరస కలిపేది లేదని. మర్నాడే నువ్వు పెట్టె సర్దుకుని ఓడరేవుకి వెళ్ళిపోయావు. అంత ఎత్తున క్రేన్ గదిలో కూర్చుని మాట మీద నిలబడటం తేలికే అన్నయ్యా. ఒకే వంటింట్లో, ఒకే ఉప్పు డబ్బాలో చెయ్యి పెడుతూ నిలబడి చూడు.

ఇక మిగిలింది గోలీ. దాని సంగతీ చెబుతాను, కాస్త ఆగు.

కబురేమిటంటే, ఈసారి క్రిస్మస్‌కి పుడ్డింగ్ చేశాం. అవును, అదే. అమ్మ పోయాక మనింట్లో ఎవరూ పేరెత్తని ఆవిరి పుడ్డింగ్. పోయిన వారం గిన్నెలు తుడుస్తూ తుడుస్తూ ఆవిడే కదిపింది. 

"క్రిస్మస్‌కి మీరేదో ఆవిరిమీద ఉడికించేవారట కదా. మీ నాన్న మొన్న కిరాణా దుకాణంలో దాల్చినచెక్క వాసన తగిలి అక్కడే నిలబడిపోయారు. ఆయన నోరు తెరిచి అడగరు. నేనడుగుతున్నా, చేద్దామా?"

"నాకు సరిగ్గా గుర్తులేదండీ," అన్నాను.

"గుర్తున్నంత వరకే చేద్దాం. చెడిపోతే మనమే తినేద్దాం, ఎవరికీ చెప్పొద్దు."

నాకు గుర్తులేకపోవడమేమిటి. కిస్మిస్, ఖర్జూరం, అంజీర్, సన్నగా తరిగిన నారింజ తొక్క. శనివారం సాయంత్రం అన్నీ రమ్మూ నారింజ రసమూ కలిపి నానబెట్టాం. తెల్లారేసరికి ఇల్లు మన చిన్నప్పటి ఇల్లయిపోయింది. కళ్ళు తెరవకుండా పడుకుని, పక్క మంచం మీద నువ్వున్నావని, వంటింట్లో అమ్మ గుడ్లు గిలకొడుతోందని కాసేపు నమ్మాను. నమ్మడం బాగుంది. నిజంగానే ఎవరో గుడ్లు గిలకొడుతున్నారు మరి.

వెన్న, నల్ల పంచదార, రొట్టె పొడి, జాజికాయ, అన్నీ కలిశాక ఇంట్లో అందరూ తలా కాసేపు గరిటె తిప్పాలి కదా. నాన్న కళ్ళు మూసుకుని తిప్పాడు. "చెయ్యి నొప్పెట్టేదాకా కలపమనేది," అన్నాడు. ఎవరనేది చెప్పలేదు. ఆవిడ దారపు ఉండ కోసం వెతకడం మొదలుపెట్టింది. అది ఆవిడ చేతిలోనే ఉంది. తన వంతు వచ్చినప్పుడు మాత్రం గరిటె ముట్టుకోలేదు. "నాది పండగనాడు చూద్దాంలే," అంది. పండగనాడు కలపడానికేమీ ఉండదని తెలియదు పాపం. లేక తెలిసే అందో.

గిన్నెకి నూనె కాగితం కప్పి, పైన గుడ్డ కట్టి, పెద్ద కుండలో సగం మునిగేలా నీళ్ళలో దించాం. ఇక సాయంత్రం దాకా ఉడకాలి. నీళ్ళు ఇంకిపోకుండా మధ్యమధ్యలో పోస్తుండాలి. అప్పుడు ఆవిడ స్టూలు లాక్కుంటూ అడిగింది.

"ఇంతసేపూ మీ అమ్మగారు ఇక్కడే కూర్చునేవారా?"

"ఊఁ," అన్నాను.

అమ్మ కూర్చునేదా, అన్నయ్యా? అమ్మ ఏ రోజైనా అరగంట ఒకచోట కూర్చుందా? నాకీ తిరుగుడు ఎక్కణ్ణుంచి వచ్చిందనుకున్నావు. అందుకేగా నీ గోలీ లాక్కుని కుండలో వేసింది. క్లాసులో గోలీలాడి పట్టుబడ్డావని నీ పెద్ద ఆకుపచ్చ గోలీ లాక్కుంది. ఆ మధ్యాహ్నమే పుడ్డింగ్ కుండ అడుగున పడేసింది. నీళ్ళు మరుగుతున్నంతసేపూ అది గిన్నెకింద గలగలమంటుంది. చప్పుడు తగ్గిందంటే నీళ్ళు తగ్గాయని. అమ్మ దొడ్లో ఉన్నా మేడమీదున్నా ఒక చెవి ఆ చప్పుడు మీదే. మనం బల్లకింద దూరి, కుండలో చిన్న బండి పోతోందని వినేవాళ్ళం. ఎక్కడికి అని నేనడిగితే నువ్వు లేని ఊళ్ళ పేర్లు చెప్పేవాడివి. వాటికి టికెట్టు ఎవరూ అడగలేదింతవరకు. ప్రతి ఏడూ నువ్వు "నా గోలీ నాకిచ్చెయ్" అనడం, అమ్మ "పండగ అయ్యాక ఇస్తాలే" అనడం.

"అది నా గోలీ, ఆ ఇంట్లో ఉండటానికి వీల్లేదు, వెతికి పంపు," అని రాశావు. వెతుకుతున్నానని జవాబు రాశాను. అబద్ధం. అమ్మ పోయిన దగ్గర్నుంచి అది నా దగ్గరే ఉంది. ఆ ఆదివారం నా స్వెటర్ జేబులోనే ఉంది. దాని సంగతి ఆవిడకి చెప్పలేదు. ఆ చప్పుడు అమ్మది, ఆవిడ కుండలోంచి అది వినిపించకూడదనుకున్నాను.

ఇంకా ఉంది. ఇప్పుడే వస్తానని చెప్పి బయటికెళ్ళాను. మంచు కమ్మి వీధులన్నీ సగం తుడిచేసిన పలకల్లా ఉన్నాయి. మనుషులు ముందు దగ్గుగా వినిపించి, తర్వాత కనిపిస్తున్నారు. దుకాణాల దీపాలు నీళ్ళలో ఉన్నట్టు వణుకుతున్నాయి. నడుచుకుంటూ స్టేషన్ దాకా పోయాను. సెలవురోజు కూడా నా కాళ్ళకి వేరే దారి తెలియదు. ఒక రైలు కదిలింది. దాన్ని చూస్తూ జేబులో గోలీ తిప్పుతూ, ఈపాటికి నీళ్ళు అయిపోతూ ఉంటాయి అనుకున్నాను. అయిపోనీ అని కూడా అనుకున్నాను. మాడిపోతే ఇంకెప్పుడూ ఎవరూ ఆ పేరెత్తరు. అది అమ్మదిగానే ఉండిపోతుంది. ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పలేను.

ఎందుకు వెనక్కి తిరిగానో తెలియదు. తిరిగాక మాత్రం పరుగే.

తలుపు తీస్తే ఇల్లు మబ్బులో ఉంది. కిటికీ అద్దాలన్నీ తెల్లగా చెమర్చి, వీధి అన్నది లేకుండా పోయింది. ముందుగదిలో నాన్న పేపరు మొహంమీద కప్పుకుని నిద్రపోతున్నాడు. ఎక్కడా చప్పుడు లేదు. ఆ పుడ్డింగ్ అంత నిశ్శబ్దంగా ఉడకడం నేనెప్పుడూ ఎరగను. వంటింట్లో ఆవిడ స్టూలు మీదే గోడకి తల ఆనించి నిద్రపోతోంది. మెడలో కొలతల టేపు, ఒక చెయ్యి వేడినీళ్ళ కెటిల్ పిడి మీద. పండగ ఆర్డర్లు కుట్టీ కుట్టీ కళ్ళకింద నల్లగా ఉంది. నేను వెళ్ళినప్పుడు ఎక్కడుందో అక్కడే. అమ్మ కూర్చునేదన్నాను కదా, అందుకని కూర్చుంది.

మూత తీశాను. అడుగున వేలెడు నీళ్ళు కూడా లేవు. ఆవిడ వేళ్ళ కిందనుంచి కెటిల్ మెల్లగా లాగి నీళ్ళు పోశాను. మళ్ళీ మరగడం మొదలయ్యేదాకా నిలబడ్డాను. తర్వాత గోలీ వేశాను. వెయ్యాలా వద్దా అని ఆలోచిస్తూనే వేశాను.

గలగల. 

నాన్న నిద్రలోంచి లేచొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అద్దాలకి ఆవిరి పట్టేసింది. పొద్దస్తమానం అద్దాలు తుడిచే మనిషి, తన అద్దాలు తుడుచుకోలేదు.

"దొరికిందా?" అన్నాడు.

"పోతేగా దొరకడానికి," అన్నాను.

ఆ మాటలకి ఆవిడకి మెలకువొచ్చింది. గాభరాగా లేచి, చప్పుడెక్కడిదో అని మూత తెరిచిన కుండమీదికి వంగింది.

"పిన్నీ, జరుగు, ఆవిరి కొడుతుంది."

నేనే అన్నాను, అన్నయ్యా. ముందు అనుకుని అన్నది కాదు. అన్నాక వెనక్కి తీసుకోవాలనిపించలేదు. ముగ్గురం కుండవైపే చూశాం, ఆ మాట అన్నది అదేనన్నట్టు. 

గోలీ సంగతంతా చెప్పాను. పిన్ని శ్రద్ధగా విని, నడుం మీద చెయ్యి వేసుకుంది.

"అయితే మీ అమ్మగారు కూర్చునేవారు కాదన్నమాట."

"కాదు."

"నా నడుం విరిగాక చెబుతున్నావా తల్లీ." 

నాన్న ముందు నవ్వాడు. ఈ ఇంట్లో ఆ కుండ ముందు నాన్న నవ్వి ఎన్నాళ్ళయిందో నీకూ తెలుసు. ఆ తర్వాత పిన్ని స్టూలు గోడకి జరిపేసి తన గదిలోకి వెళ్ళి కుట్టు మిషను ముందు కూర్చుంది. మిషను ఆగినప్పుడల్లా గోలీ వినిపించేది. ఆపి వింటోందని నాకు అర్థమైంది.

పుడ్డింగ్ ఇప్పుడు అలమరలో చీకట్లో, గుడ్డ కప్పుకుని, ముదురుతోంది. పండగనాడు మళ్ళీ ఆవిరికి పెట్టాలి. మధ్యాహ్నమంతా కుండలో బండి పోతుంది. బల్లకింద మనిద్దరం పట్టం కానీ, పక్కన రెండు కుర్చీలు వేస్తాను. అమ్మ కుర్చీ అలాగే ఉంటుంది.

మాట తప్పానని కోప్పడు, పడతాను. కానీ ఆ కోపం ఉత్తరంలో పంపకు, వెంట తెచ్చుకో. పిన్నిని నువ్వేమని పిలుస్తావో నీ ఇష్టం, ఏమీ పిలవకపోయినా తను అనుకోదు. ఆ "అందరం"లో ముగ్గురిని కలిపాను. నాలుగోవాడు చలిలో క్రేన్ మీద కూర్చుని ఉంటే అందరం అనడానికి నోరు పూర్తిగా తిరగడం లేదు.

ఆ గోలీ నీదే, కాదనను. పోస్టులో మాత్రం పంపను.

పండగ అయ్యాక ఇస్తాలే. వచ్చి తీసుకో.

ఇట్లు,
ఒకచోట కూర్చుని ఇంత ఉత్తరం రాసిన
నీ చెల్లి, బొంగరం