నా మాస్ స్పెక్, దాని గ్యాసు మెషిన్

సెప్టెంబర్ 22, 2025, సోమవారం

ఈ రోజు ల్యాబ్‌లో నా మాస్ స్పెక్‌ను, రంగులను ద్రవంతో విడదీసే నా ఎల్‌సీ మెషిన్ నుంచి విప్పేశారు. నేను పక్కనే నిలబడి ఉండగానే. తనూజ కొత్త గ్యాసు మెషిన్ ఎస్ఎఫ్‌సీకి తగిలిస్తారట. ల్యాబ్ హెడ్ శ్రీమన్నారాయణ సార్ ముందుగా ఒక్క మాటైనా అడగలేదు. సర్దుకోవాలమ్మా హిమబిందూ, ఎక్స్‌పోర్ట్ వాళ్లు మిరపపొడి రిజల్ట్ ఏ రోజుకారోజు కావాలంటున్నారు అన్నారు, అంతే.

తనూజ రూపనగుడి పిల్ల. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. ఆ మాస్ స్పెక్ కప్పగల్లు రోడ్డులోని ఈ ల్యాబ్ ముందు లారీ దిగిన రోజు పెట్టె విప్పింది నేను. దాని అలకలన్నీ నాకు తెలుసు. ఇప్పుడు నా ఎల్‌సీ పెళ్లిలో ఎవరూ పలకరించని చుట్టంలా మూల కూర్చుంది.

సెప్టెంబర్ 24

ఆ తనూజ ఎస్ఎఫ్‌సీలో పారేది కార్బన్ డయాక్సైడ్. గట్టి ప్రెషర్‌లో నొక్కి పెడితే మిరపపొడిలో కలిపిన రంగులను చకచకా విడదీస్తుంది. ఆ రంగేదో తేల్చి చెప్పాల్సింది మాత్రం నా మాస్ స్పెక్. కానీ అక్కడికి వచ్చేసరికి ప్రెషర్ పడిపోతోంది, గ్యాసు ఉబ్బి ట్యూబు మంచులా చల్లబడుతోంది, రంగు దారిలోనే పేరుకుపోతోంది. రెండు రోజులుగా స్క్రీన్ మీద ఏమీ లేదు.

మధ్యాహ్నం రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

సెప్టెంబర్ 26

నా సంతోషం అంతలోనే తీరింది. రంగులు విడిపోయే కాలమ్ గొట్టం దాటాక, రంగు పేరుకోకుండా తనూజ చిన్న పంపుతో మిథనాల్ కలిపింది, ట్యూబుకు హీటర్ చుట్టింది. స్క్రీన్ మీద పీక్‌లు సూదుల్లా లేచాయి. సార్ చప్పట్లు కొట్టారు.

ఆ మిథనాల్ సీసా రోజూ నింపే పని నాకిచ్చారు. నాకు! నీ పని శుబ్బరంగా ఉంటాది, నువ్వే నింపక్కా అంది తనూజ. అది పొగడ్తో ఎగతాళో దేవుడికే తెలియాలి.

అక్టోబర్ 1, ఆయుధ పూజ

అటెండర్ హులిగెప్ప బజారు నుంచి కుంకుమ, చెండుపూలు, బూడిద గుమ్మడికాయ తెచ్చాడు. మెషిన్లన్నిటికీ బొట్లు పెట్టాం. ఎస్ఎఫ్‌సీకి ఇంత దండ, నా ఎల్‌సీకి రెండు పూలు. ఒళ్లు మండి, గుప్పెడు కుంకుమ తీసి నా ఎల్‌సీ మొహమంతా పులిమాను. ఆ విసురులోనే, గ్లవ్స్ కూడా లేకుండా, మిథనాల్ నింపి మూత బిగించి ఇంటికొచ్చేశాను.

అక్టోబర్ 3

స్క్రీన్ మీద రోడమిన్. బజారు రంగు. మిరపపొడిలో మేం పట్టుకోవాల్సింది దాన్నే. అన్ని శాంపిల్స్‌లోనూ ఉంది. ఏ శాంపిలూ వేయకుండా నడిపినా ఉంది. సార్ మొహం మాడిపోయింది.

అక్టోబర్ 4

తనూజ కాలమ్ మార్చింది, ట్యూబులు మార్చింది. యాడ నుంచి వస్తాండాదో తెలీడం లేదక్కా, నువ్వొకసారి చూస్తావా అని అడిగింది. కళ్లు వాచి ఉన్నాయి.

చూశాను. శాంపిల్‌లో రంగుంటే పీక్ లేచి పడుతుంది. ఇది లేవదు, పడదు. మొదటి నుంచి చివరి దాకా ఒకటే గీత. అంటే కాలమ్ దాటాకే కలుస్తోంది. అక్కడ కలిసేది నా సీసా ఒక్కటే. బజారు కుంకుమలో కలిపేదీ ఈ రోడమినే. నా కుంకుమ చెయ్యి గుర్తొచ్చింది.

ఈ గ్యాసు మెషిన్ల సంగతి నాకేం తెలుసు తనూజా అన్నాను.

అక్టోబర్ 6

సార్ తేల్చేశారు. బుధవారంలోగా గీత పోకపోతే ఎస్ఎఫ్‌సీ వెనక్కి, మాస్ స్పెక్ మళ్లీ నాకు. తనూజ ఉద్యోగం కూడా అక్కడితో సరి. దారి పొడవునా నవ్వు ఆగలేదు. ఇంటికొచ్చాక అన్నం సయించలేదు.

అక్టోబర్ 7

సీసా పారబోసి కడిగితే అయిపోయేది. కడగలేదు.

అక్టోబర్ 8, సాయంత్రం

తనూజ చివరికి సీసా మార్చింది. గీత పోయింది. పాత మూత లోపలి అంచున ఎర్రటి మరక ఉంది. నాకు చూపించింది. తిన్నగా సార్ గదిలోకి వెళ్లి, పూజ రోజు సీసా నింపింది నేనే సార్, చెయ్యి కడుక్కోలేదు అని చెప్పిందట. సార్ మెమో ఇచ్చి, నిజం ఒప్పుకున్నందుకు తెగ మెచ్చుకున్నారట.

హులిగెప్ప నా దగ్గరికొచ్చి, నువ్వు నింపేది నేను చూడలేదా మేడమ్, ఆ పాప ఎంత మంచిదప్పా, నీ తప్పు తన మీద ఏసుకున్యాది అన్నాడు.

మెషిన్ దానిది. మాస్ స్పెక్ దానిది. చప్పట్లు దానివి. ఇప్పుడు మంచితనం కూడా దానిదేనా?

అక్టోబర్ 9

సార్‌కు చెప్పేశాను, ఆ చెయ్యి నాదని. తనూజ కోసం కాదు. ఈ ల్యాబ్‌లో నాదంటూ మిగిలింది ఆ తప్పొక్కటే, అదీ దానికి వదిలేస్తానా? మెమో నా పేరు మీదకు మార్పించుకున్నాను.