పొయ్యి రాళ్లు

మార్కాపురం
డిసెంబరు 1944, శుక్రవారం రాత్రి

రేపు మావాడు దానియేలు స్కౌటు పిల్లలతో నల్లమలకు పోతున్నాడు. వాని వయసులో నేనూ పోయినానని చూపిద్దామని సాయంత్రం పాత ఫోటోలు పెట్టెలోంచి తీసినా. తీయకుండా ఉంటే బాగుండేది.

ఒకదాంట్లో నేనూ నా స్నేహితుడు మస్తానూ ఖాకీ నిక్కర్లతో అడవి దారి పక్కన పొయ్యి ముందర కూర్చుని నవ్వుతున్నాం. వెనకాల పెద్ద రాళ్లకుప్ప. పొయ్యికి రాళ్లు దాంట్లోవే.

నా భార్య ఎస్తేరు పుట్టిల్లు గిద్దలూరు దగ్గర అడవంచునే. ఫోటో చూసి ఆమె ముఖం మారిపోయింది.

"ఏందయ్యా ఇది! పులి మనిషిని ఎత్తకపోయిన చోట పోయినవాడు లేచి తిరగకుండా దారిన పోయేవాళ్లు తలా ఒక రాయి వేస్తారు. ఆ రాళ్లు తీసి అన్నం వండుకున్నారా?"

"ఎప్పటి పులో అది" అన్నా.

ఆ ఫోటో తీసుకున్న రాత్రి మా గుడారం చుట్టూ ఎవరో దగ్గుకుంటా తిరిగినారు. మా స్కౌటు మాస్టరుగారు కాపలా కాస్తున్నాడని హాయిగా నిద్రపోయినాం. తెల్లారి ఆయన, "రాత్రంతా బయట దగ్గింది ఎవర్రా?" అని మమ్మల్నే కేకలేసినాడు. ఇన్నేళ్లూ అది చెప్పుకుని నవ్వినాం.

దానియేలును వద్దందామని పోయినా. వాడు అప్పటికే ఆ ఫోటో తీసకపోయి వాళ్ల మాస్టరుకు చూపించి వచ్చినాడు.

"నాయనా, మేమూ ఆ జాగాలోనే దిగుతాం. పొయ్యికి రాళ్లు వెతుక్కునే పని లేదు!"

ఆ సంతోషం చూసి వెనక్కి వచ్చేసినా. తెల్లారేలోపల చెప్పాలి. ఏమని చెప్పాలి...

ఇప్పుడే పక్కగదిలో దగ్గు వినిపించింది. దానియేలేనని తెలుసు. అయినా లాంతరు పట్టుకపోయి చూసి వచ్చినా.