నల్లగుడ్డ వెనక సముద్రం

నల్లగొండ, శుక్రవారం రాత్రి

క్లౌన్ చేప గుడ్లు పగిలి పిల్లలు బయటికి వచ్చి మూడు రోజులైంది. ఒక్కొక్కటి కనురెప్ప వెంట్రుకంత ఉంది. బోరునీళ్లలోని ఫ్లోరైడ్‌కు భయపడి, వాననీళ్లు పట్టి, ఉప్పు కలిపి వాటికి సముద్రం చేశాను. అద్దాల తొట్టి చుట్టూ నల్లగుడ్డ కట్టాను. పక్కల నుంచి వెలుతురు పడితే అటే దూసుకుపోయి, అద్దానికి తలలు కొట్టుకుని చస్తాయి. పోయినసారి అన్నీ అట్లాగే పోయాయి.

సాయంత్రం ఫిజిక్సు లింగారెడ్డి వచ్చాడు. కాలేజీలో జువాలజీ చెప్పినన్నాళ్లూ నన్ను 'సముద్రం సార్' అని ఎగతాళి చేసినవాడు. నేను చదివిన పుస్తకాల పేర్లయినా పలకలేడు.

"ఏందయ్యా, చేపపిల్లలు పుట్టినయంట. జర గుడ్డ తియ్యి, సూస్త."

ఈ మాట కోసమే ఇన్నేళ్లు ఎదురుచూశాను. చెయ్యి గుడ్డ దాకా పోయింది కూడా.

"ఇయ్యాల తియ్యొద్దు. వారం ఆగి రా."

"ఏం లేవని చెప్పరాదు? గింత నాటకమెందుకు?"

నవ్వుకుంటూ పోయాడు. రేపు వాకింగులో అందరికీ చెబుతాడు. చెప్పనీ. పిల్లల ఒంటిమీద పెద్ద చేపలకున్న తెల్ల చారలు వచ్చాక వాణ్ణి పిలవాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు.

ఇది వరండాలో కూర్చుని రాస్తున్నాను. ఆ గదిలో దీపం లేదు. ఇందాక తొట్టికి చెవి ఆనిస్తే గాలిబుడగల చప్పుడు వినిపించింది. చీకట్లో వాటికి అద్దం ఉన్న సంగతే తెలియదు. సముద్రంలోనే ఉన్నామనుకుని తిరుగుతుంటాయి. చెవి ఆనించినంతసేపూ నాకూ అట్లాగే...