చచ్చిన పురుగుకి నా పేరా

రేపల్లె.

నీరజకు రాహేలమ్మ దీవించకుండా రాయించేది,

ఫోన్ చేస్తే నవ్వి పెట్టేస్తావు. అందుకని పక్కింటి సంజీవరావు మాస్టారిని కూర్చోబెట్టి చెబుతున్నాను. కాలేజీ చదివినన్నాళ్లూ మా మేడ మీది గదిలో ఉన్నావు. కామెర్లొస్తే పథ్యం వండి పెట్టాను. లక్నోలో అంత పెద్ద ఉద్యోగం చేస్తూ, కొండల్లో దొరికిన పురుగుకి నా పేరు పెడతావా? పేపర్లో బొమ్మ వేశారు. పది కాళ్లు, ముందు కత్తెరలు, వెనక ముల్లు, కింద నా పేరు. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చిలోంచి ఒక్కళ్లూ ఇంటికి పోలేదు. మా తోడికోడలు ఎస్తేరు బాపట్ల నుంచి పనిగట్టుకుని వచ్చి, "అక్కా, కాళ్ల సంగతి తెలీదు గానీ ఆ ముల్లు మాత్రం అచ్చం నీదే" అంది.

ఆ పేరుతో పిలిస్తే పలకడం దానికి అలవాటు కాకముందే తీసేయి.

ఇట్లు,
రాహేలమ్మ వేలిముద్ర

తా.క. అమ్మగారు చెప్పిన మాటల్లో కొన్ని రాయలేదు. నేను బళ్లో పాఠాలు చెప్పినవాణ్ణి. సంజీవరావు.

లక్నో.

మామ్మగారికి నీరజ నమస్కరించి రాసేది,

కోప్పడకండి మామ్మా. అది పిలిస్తే పలకదు. చచ్చిపోయి నలభై కోట్ల ఏళ్లయింది. హిమాలయాల్లో ఒక రాతిపలక మీద దాని అచ్చు మిగిలింది, అంతే. ఒడిశా తీరంలో ఇప్పటికీ తిరిగే గుర్రపుడెక్క పీతకి ఇది దూరపు చుట్టం. ఇలాంటిది ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు. కనిపెట్టినవాళ్లు పేరు పెట్టుకోవచ్చు. మా ఆఫీసులో ఎవరైనా మంత్రి పేరు పెట్టమన్నారు. నాకు మీరే గుర్తొచ్చారు. ఒకసారి అచ్చయ్యాక ఆ పేరు తీయడానికి ఎవరికీ వీల్లేదు. ప్రపంచం ఉన్నంతకాలం ఉంటుంది. ఇది గౌరవం మామ్మా.

మీ దీవెనలు కోరే,
నీరజ

తా.క. కాళ్లు పది అని పేపరువాళ్లు తప్పు వేశారు. కత్తెరలూ కాళ్ల లెక్కలోకే వస్తాయి, మొత్తం పన్నెండు.

రేపల్లె.

కాళ్ల లెక్క చెప్పిన మహాతల్లికి రాహేలమ్మ రాయించేది,

చచ్చినదా? పోయినవాళ్ల పేరు పుట్టినవాళ్లకి పెడతారు గానీ, బతికున్న మనిషి పేరు తీసుకెళ్లి చచ్చినదానికి పెట్టడం ఏ ఊరి పద్ధతి? అదీ నాకంటే అంత పెద్దదానికి.

అసలు సంగతి విను. మా మనవరాలు పుష్పలతకి నెలలు నిండొచ్చాయి. తెనాలి ఆసుపత్రిలో చేర్చాలి. ఆడపిల్ల పుడితే నా పేరే పెడతానని పెళ్లినాడు మాటిచ్చింది. ఇల్లు ఎప్పటికైనా అమ్ముకుంటారు, నగలు కరిగిస్తారు, పేరైతే నిలుస్తుందనుకున్నాను. ఇప్పుడు దాని మొగుడు ఏసుబాబు, "పురుగు పేరు మా పిల్లకెందుకు మామ్మా, బళ్లో ఏడిపిస్తారు" అంటున్నాడు. పుష్పలతేమో పక్కన తల ఊపుతోంది. నా పేరు నాతోనే పోతుంది. నువ్వే పోగొట్టావు. వెంటనే తీసేసి ఎస్తేరు పేరు పెట్టు. ముఖం కూడా కలుస్తుంది.

ఇట్లు,
నీకు అన్నం పెట్టి చెడిపోయిన రాహేలమ్మ

తా.క. పోయినసారి రాయని మాటలు ఈసారి దగ్గరుండి రాయించాను. మాస్టారు మళ్లీ కొట్టేశాడు. వెలుతురుకి పట్టుకో, కనిపిస్తాయి.

లక్నో.

మామ్మగారికి నీరజ తల వంచుకుని రాసేది,

వెలుతురుకి పట్టుకుని అన్నీ చదివాను. పుష్పలత ఇచ్చిన మాట సంగతి తెలిస్తే నేనీ పని చేసేదాన్ని కాదు. పేరు తీయడం మాత్రం నా చేతుల్లో లేదు. ఒక్కటే దారి ఉంది. ఆ కొండలోనే ఇంకో రకం దొరికింది. మీరన్నట్టే దానికి ఎస్తేరమ్మగారి పేరు పెట్టేస్తాను. పేపర్లవాళ్లు దాని వెనక పడి మీదాన్ని మర్చిపోతారు.

క్షమించమని అడిగే,
నీరజ

తా.క. ఇది మీదానికంటే రెండింతలు పెద్దది. బొమ్మ చాలా బాగా వస్తుంది.

తెనాలి.

నీరజకు రాహేలమ్మ ఆసుపత్రి వరండాలో కూర్చుని ఏసుబాబు చేత రాయించేది,

ఎస్తేరు పేరు పెట్టావంటే రైలెక్కి లక్నో వస్తాను. నాకంటే రెండింతలా? ఆ ఇంటికి పెద్దకోడల్ని నేను. దానికి ఏ మంత్రి పేరో పెట్టుకో. నా పేరు మాత్రం ఎవరూ కదపడానికి వీల్లేదన్నావే, ఆ మాట పెద్ద పెద్ద అక్షరాలతో రాసి, ఆఫీసు స్టాంపు కొట్టి పంపు. చర్చిలో చదివిస్తాను.

పుష్పలతకి ఆడపిల్ల పుట్టింది. నా ముఖం చూసి ఏసుబాబు మెత్తబడి, "సరే మామ్మా, నీ పేరే పెడదాం" అన్నాడు. నేనే వద్దన్నాను. నా పేరు పెడితే ఆ పిల్ల ఎంత అల్లరి చేసినా తిట్టడానికి ఇంట్లో ఎవరికీ నోరు రాదు. పైగా నా పేరుకి రాతి మీద చోటు దొరికిందాయె. ఇక మిగిలింది నీ మీద కోపం. అందుకని పిల్లకి నీరజ అని పెట్టించాను. నువ్వు నన్ను అడిగి పెట్టావా, నేను నిన్ను అడగడానికి? ఇకనుంచి పొద్దున లేస్తే ఇంటిల్లిపాదీ నిన్ను తిట్టుకోవచ్చు.

ఇట్లు,
నలభై కోట్ల ఏళ్ల రాహేలమ్మ

తా.క. ఇది రాయిస్తుండగానే నీరజ నా కొత్త చీర మీద ఉచ్చ పోసింది. కాస్తయినా సిగ్గుండాలి నీకు.